గుంటూరు ఆసుపత్రిలో కొత్త ఫైర్‌వాల్: పని డైరీ

మార్చి మొదటి వారం: ఉన్నదేమిటో చూడటం

గుంటూరు కొత్తపేటలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి. ఇంటర్నెట్‌కూ ఆసుపత్రి నెట్‌వర్క్‌కూ మధ్య కాపలా కాసే పాత ఫైర్‌వాల్‌కు సపోర్టు గడువు దగ్గర పడింది. కొత్తది పెట్టే పని మా చేతికి వచ్చింది. ఆర్డరులో పని ఒక్క వాక్యంలో ఉంది: పాతది తీసి, కొత్తది బిగించి, రూల్స్ (దేన్ని పోనివ్వాలి, దేన్ని ఆపాలి అన్న జాబితా) యథాతథంగా ఎక్కించాలి. ఆ "యథాతథంగా" అన్న మాటను తీయించడానికి యాజమాన్యంతో గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది.

పాత పెట్టెలో నూటికి పైగా రూల్స్ ఉన్నాయి. వాటిలో సగానికి పేరు లేదు. ఎవరు ఎందుకు రాశారో చెప్పేవారూ లేరు. పైనుంచి నాలుగో రూలు లోపలి నెట్‌వర్క్ నుంచి అన్ని చోట్లకూ అన్నీ అనుమతిస్తుంది. కాబట్టి దాని కింద ఉన్నవి చాలావరకు ఏనాడూ పనిచేయలేదు. ఫైర్‌వాల్ రూల్స్‌ను పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయినదాన్నే అమలు చేస్తుంది. ఈ జాబితాను కొత్త యంత్రంలోకి ఎక్కిస్తే యంత్రం మాత్రమే కొత్తది అవుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు లోపల ఉంది. సీటీ స్కాన్, ఎంఆర్‌ఐ, ల్యాబ్ యంత్రాలు, బిల్లింగ్ కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, క్యాంటీన్‌లో ఫోన్లకు ఇచ్చే వైఫై, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద జరిగిన సైబర్ దాడిని యాజమాన్యానికి గుర్తు చేశాను. అక్కడ ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయి. సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది (ఎన్‌క్రిప్ట్ అయింది). దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల దగ్గర నుంచి అన్నీ చేత్తో రాసుకున్నారు. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ మాట చదివి వినిపించాక డైరెక్టర్ గారు, "అయితే మన దగ్గర విభజన ఉందా?" అని అడిగారు. లేదని చెప్పాను. ఆ రోజే పని పరిధి మారింది.

సర్వేలో ప్రతి గదికీ వెళ్లాను. నెట్‌వర్క్ స్కానర్ చూపించిన జాబితా ఒకటి, కళ్లతో చూసింది మరొకటి. సీటీ కన్సోల్ వెనుక యూఎస్‌బీలో సిమ్ ఉన్న 4జీ డాంగిల్ కనిపించింది. యంత్రం సర్వీసుకు వచ్చినవారు దూరం నుంచి చూడటానికి పెట్టి వెళ్లారట. ఆ కన్సోల్ ఒక కాలు ఆసుపత్రి నెట్‌వర్క్‌లో, మరో కాలు నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టి నిలబడి ఉంది. గేటు దగ్గర ఎంత మంచి ఫైర్‌వాల్ పెట్టినా ఆ దారి దాని కంటికి కనబడదు. డాంగిల్ ఫొటో తీసి, రేడియాలజీ ఇన్‌ఛార్జి సంతకంతో రిపోర్టులో చేర్చాను. పాత ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 (దూరం నుంచి కంప్యూటర్‌ను నడపడానికి వాడే ద్వారం నంబరు) బయటి ప్రపంచానికి తెరిచి ఉండటం కూడా అదే రిపోర్టులోకి వెళ్లింది.

మార్చి: ఏ మోడల్ కొనాలి

ఎంపిక ఫోర్టిగేట్ 100ఎఫ్ దగ్గరికి వచ్చి ఆగింది. ఒక యూనిట్ ఎత్తు, రెండు పవర్ సప్లయిలు, కావలసినన్ని కాపర్ పోర్టులు, రెండు పది గిగాబిట్ పోర్టులు. డేటాషీట్‌లో మొదట కనిపించే అంకె సెకనుకు 20 గిగాబిట్లు. కొనేవాళ్లు ఆ అంకె చూసి సంతోషపడతారు. నేను కింది వరుసలు చూపించాను. ఐపీఎస్ (దాడులను గుర్తించి ఆపే తనిఖీ) పెడితే 2.6, అన్ని రక్షణలూ కలిపి పెడితే 1 గిగాబిట్. ఇంటర్నెట్ లైన్లు రెండూ కలిపినా అంత లేవు కాబట్టి బయటి వైపు బెంగ లేదు. అసలు లెక్క లోపలిది. వీలాన్ల (ఒకే తీగల మీద విడగొట్టిన చిన్న నెట్‌వర్క్‌ల) మధ్య ప్రయాణమంతా ఇకపై ఈ పెట్టె గుండానే పోతుంది.

సీటీ చిత్రం ఒక్కో స్లైస్ 512 పిక్సెళ్ల పొడవు, 512 వెడల్పు, పిక్సెల్‌కు రెండు బైట్లు. అంటే అర మెగాబైటు. వెయ్యి స్లైసుల పరీక్ష అయితే 500 మెగాబైట్లు. ప్రమాదంలో దెబ్బ తగిలి క్యాజువాలిటీకి వచ్చిన మనిషి చిత్రాలు డాక్టర్ తెర మీదికి ఆలస్యంగా వస్తే ఆ భద్రత వల్ల మేలు లేదు. అందుకే సీటీ నుంచి చిత్రాల సర్వర్‌కు వెళ్లే దారిలో పోర్టు, చిరునామా వరకే కట్టుదిట్టం చేసి, ప్యాకెట్ లోపలికి తొంగి చూసే తనిఖీలు పెట్టకూడదని నిర్ణయించాను. అలా ఉంచితే ఆ సెషన్లు (కనెక్షన్లు) నెట్‌వర్క్ ప్రాసెసర్ చిప్ మీదికి వెళ్లిపోతాయి, ప్రధాన ప్రాసెసర్ మీద భారం పడదు. ఫైళ్లు పంచుకునే సర్వర్ వైపు మాత్రం ఐపీఎస్ తప్పనిసరి. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై పాకింది ఫైళ్లు పంచుకునే 445 పోర్టు మీదే. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఆసుపత్రిలో ఆ కాలపు విండోస్‌తో నడిచే యంత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. తయారీదారు అనుమతి లేకుండా వాటిలో ఏమీ మార్చకూడదు.

లాగ్‌ల (ఏ కనెక్షన్ ఎప్పుడు నడిచిందో రాసే చిట్టాల) సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లోపు తెలపాలి. 100ఎఫ్‌లో డిస్క్ లేదు. 101ఎఫ్‌లో 480 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటుంది కానీ, లోపలి ట్రాఫిక్ అంతా నమోదు చేస్తే ఆ చోటు ఎంతకాలం సరిపోతుందో నాకు నమ్మకం కలగలేదు. ఒకటి ఆగితే రెండోది అందుకునేలా 100ఎఫ్‌లు రెండు, లాగ్‌లు దాచడానికి విడిగా ఒక సిస్‌లాగ్ సర్వర్ తీసుకున్నాం. రెండు పెట్టెలకూ లైసెన్సు విడివిడిగా కొనాల్సిందే. జంటలో రెండోది ఖాళీగా కూర్చుంటుంది కదా అని దానికి లైసెన్సు మానుకుంటే అవసరం పడిన రోజు అది సగం రక్షణతో నిలబడుతుంది.

ఏప్రిల్ మొదట్లో: రాక్, ఎర్తింగ్

పెట్టెలు వచ్చాయి. రాక్‌లోకి ఎక్కించే ముందు మల్టీమీటర్ తీసి పవర్ సాకెట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూశాను. 3 వోల్టులు దాటకూడదని మేము పెట్టుకున్న హద్దు. అక్కడ 8 దాటి ఉంది. ఆసుపత్రి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వెనుక పెరట్లో ఉన్న ఎర్త్ పిట్ తెరిపిస్తే మట్టి ఎండి బీటలు వారింది. జీఐ తీగ బిగింపు దగ్గర తుప్పు పట్టి వదులైపోయింది. ఆయన బోల్టు విప్పి, తీగ కొనను ఆకురాయితో గీకి, కొత్త క్లాంపు వేసి, గోతిలో బొగ్గు, ఉప్పు నింపి బిందెలతో నీళ్లు పోశారు. మరుసటి రోజు చూస్తే అంకె రెండులోపుకు దిగింది. వేసవిలో వారానికి రెండుసార్లు అక్కడ నీళ్లు పోసే పని వాచ్‌మన్ రోజువారీ చీటీలో చేర్పించాం. గుంటూరు ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. కారణం తెలియకుండా పోర్టులు కాలిపోయే చోట నేను మొదట చూసేది ఇదే.

రాక్‌లో రెండు పవర్ స్ట్రిప్పులు ఉన్నాయి, కానీ రెండూ ఒకే యూపీఎస్ నుంచి వస్తున్నాయి. పెట్టెకు రెండు పవర్ సప్లయిలు ఉండి ప్రయోజనం లేదు. రెండో స్ట్రిప్పును పక్క గదిలోని మరో యూపీఎస్‌కు మార్పించాం. కేజ్ నట్లు బిగించి, రెండు పెట్టెల మధ్య ఒక యూనిట్ ఖాళీ వదిలి ఎక్కించాం. ప్రతి కేబుల్‌కు రెండు కొసలా లేబుల్ వేశాం. లేబుల్ మీద వీలాన్ నంబరు వేయలేదు, "ల్యాబ్ రెండో అంతస్తు, ప్యానెల్ 2, పోర్టు 14" అని చోటు రాశాం. వీలాన్ నంబర్లు మారతాయి, గోడ మారదు. రాక్ అడుగున కేబుళ్లు వచ్చే కన్నాన్ని బ్రష్ ప్లేటుతో మూయించాను. ఎలుకలు కొరికిన రెండు పాత కేబుళ్లు చూశాక ఆ ఖర్చుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కన్సోల్ దగ్గర

ఇక్కడ చెప్పడానికి పెద్దగా లేదు. కన్సోల్ కేబుల్, 9600 వేగం. మేనేజ్‌మెంట్ పోర్టు ఫ్యాక్టరీ చిరునామా 192.168.1.99. మొదట పాస్‌వర్డ్ పెట్టి, ఆ తర్వాత మేనేజ్‌మెంట్ పోర్టుకు మా వీలాన్ చిరునామా ఇచ్చి, ఆ వీలాన్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ లాగిన్ కాకుండా కట్టేశాను. ఇంటర్నెట్ వైపు పోర్టుల మీద మేనేజ్‌మెంట్ పూర్తిగా ఆపేశాను. ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్) రెండింటిలో ఒకటే ఉండాలి. 7.4 శ్రేణిలో తాజాది ఎక్కించాం. 7.6.3 నుంచి ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ టన్నెల్ (బయటి నుంచి లోపలికి వచ్చే భద్రమైన దారుల్లో ఒక రకం) సౌకర్యాన్నే తీసేశారు కాబట్టి ఇంటి నుంచి చూసే రేడియాలజిస్టులకు మొదటి నుంచే మరో రకమైన ఐపీసెక్ వీపీఎన్ ఇచ్చాం. రేపు అప్‌గ్రేడ్ చేసిన రోజు వాళ్ల పని ఆగకూడదు.

సమయం కోసం కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారి సమయ్ సర్వర్లను పెట్టాను. సెర్ట్-ఇన్ ఆదేశంలో అదీ ఉంది. ఫైర్‌వాల్, సర్వర్లు, స్విచ్‌లు అన్నిటి గడియారాలూ ఒకటే చెప్పకపోతే లాగ్‌లో ఏది ముందు జరిగిందో చెప్పలేం.

జంట కట్టేటప్పుడు హెచ్‌ఏ (ఒకటి ఆగితే మరొకటి అందుకునే ఏర్పాటు) పోర్టులు రెండింటినీ నేరుగా కేబుళ్లతో కలిపాను, మధ్యలో స్విచ్ లేదు. గ్రూప్ నంబరును డిఫాల్టు నుంచి మార్చాను. వర్చువల్ మ్యాక్ చిరునామాలు (నెట్‌వర్క్‌లో పెట్టెను గుర్తించే నంబర్లు) ఆ నంబరు నుంచే పుడతాయి. అదే లైనులో, అదే నంబరుతో మరో జంట ఉంటే రెండూ ఢీకొంటాయి. సెషన్ పికప్‌ను విడిగా ఆన్ చేయాలి. లేకపోతే పెట్టె మారిన క్షణంలో నడుస్తున్న కనెక్షన్లన్నీ తెగుతాయి. రెండు పెట్టెలకూ చెరొక మేనేజ్‌మెంట్ చిరునామా ఇచ్చాను, రెండోదాని ఆరోగ్యం కూడా నేరుగా చూడగలగాలి.

ఏప్రిల్ రెండో వారం: సీటీ యంత్రం చిక్కు

వీలాన్ల విభజన కాగితం మీద సులువుగా వచ్చింది. సర్వర్లు ఒకటి, రేడియాలజీ యంత్రాలు ఒకటి, ల్యాబ్ ఒకటి, వార్డులు, బిల్లింగ్, కెమెరాలు, అతిథుల వైఫై. గేట్‌వే (ఒక వీలాన్ నుంచి మరోదానికి దాటే ద్వారం) అంతా ఫైర్‌వాల్ మీద. కోర్ స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే ప్రధాన స్విచ్) ఇకపై దారి చూపదు, మోస్తుంది అంతే.

సీటీ దగ్గర ఆగిపోయాం. కన్సోల్ సబ్‌నెట్ మాస్కు 255.255.0.0, గేట్‌వే గడి ఖాళీ. అంటే చిత్రాల సర్వర్‌ను వేరే వీలాన్‌లోకి మార్చినా 192.168తో మొదలయ్యే ప్రతి చిరునామా తన పక్కనే ఉందని ఆ యంత్రం అనుకుంటుంది. గేట్‌వేను అడగదు, నేరుగా కేక వేస్తుంది. జవాబు రాదు. ఆ అమరిక మార్చడానికి సర్వీసు పాస్‌వర్డ్ కావాలి. అది తయారీదారు ఇంజినీరు దగ్గర తప్ప ఆసుపత్రి దగ్గర లేదు. ఆయన రావడానికి సర్వీసు కాంట్రాక్టు ప్రకారం విడిగా రుసుము, ఎదురుచూపు. యంత్రం కొన్నవారి చేతిలో దాని చిరునామా మార్చే హక్కు లేకపోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. కొత్త యంత్రాల కొనుగోలు ఒప్పందంలో ఈ షరతు పెట్టమని రిపోర్టులో రాశాను.

దారి వర్చువల్ వైర్ పెయిర్‌లో దొరికింది. ఫైర్‌వాల్‌లో రెండు పోర్టులను జత చేస్తే వాటికి ఐపీ చిరునామా ఉండదు. ఒకదానిలోంచి వచ్చింది రెండోదానిలోంచి పోతుంది, మధ్యలో రూల్స్ మాత్రం వర్తిస్తాయి. సీటీ, దాని పక్కనున్న ఫిల్మ్ ప్రింటరు ఒక చిన్న స్విచ్ మీద. ఆ స్విచ్ నుంచి కేబుల్ ఫైర్‌వాల్ 15వ పోర్టుకు. 16వ పోర్టు నుంచి కోర్ స్విచ్‌లో చిత్రాల సర్వర్ ఉన్న పాత వీలాన్‌కు. సీటీకి ఏమీ మారినట్టు తెలియదు, దాని చిరునామా, మాస్కు అలాగే ఉన్నాయి. చిత్రాల సర్వర్‌ను పాత చిరునామాలోనే ఉంచి, మిగతావన్నీ దాని చుట్టూ నుంచి తరలించాం.

రూల్స్ రాసేముందు రేడియోగ్రాఫర్ పక్కన కూర్చుని ఒక రోగి పరీక్ష మొదటి నుంచి చివరిదాకా చూశాను. ముందు కన్సోల్ వర్క్‌లిస్టు సర్వర్‌ను అడిగి రోగి పేరు తెచ్చుకుంటుంది. స్కాన్ అయ్యాక 104 పోర్టు మీద చిత్రాలు పంపుతుంది. ఫిల్మ్ కావాలంటే ప్రింటరుకు పంపుతుంది. మన దగ్గర రోగులు ఇప్పటికీ ఫిల్మ్ చేతికి ఇవ్వమనే అడుగుతారు, వేరే ఊరి డాక్టరుకు చూపించుకోవాలి కదా. ఇవన్నీ కన్సోల్ నుంచి బయలుదేరేవే. కానీ చివర్లో ఒకటి ఎదురు దిశలో వస్తుంది. చిత్రాలు భద్రంగా చేరాయని సర్వర్ తనే కొత్త కనెక్షన్ తెరిచి కన్సోల్‌కు చెబుతుంది. దానికి రూలు లేకపోతే చిత్రాలు వెళ్తాయి, కానీ కన్సోల్ వాటిని చెరపదు. కొన్ని వారాలకు దాని డిస్క్ నిండి స్కాన్ ఆగిపోతుంది. అప్పుడు ఫైర్‌వాల్‌ను ఎవరూ అనుమానించరు. రేడియోగ్రాఫర్ తెర మీద ప్రతి పరీక్ష పక్కన పడే చిన్న గుర్తు చూపించి, "ఇది పడితేనే సార్, మేము డిలీట్ చేస్తాం" అన్నారు. ఆ గుర్తు వల్లే ఆ రూలు రాయగలిగాను.

డాంగిల్ తీసేశాం. సర్వీసు ఇంజినీరుకు రెండంచెల లాగిన్‌తో వీపీఎన్ ఇచ్చి, రేడియాలజీ ఇన్‌ఛార్జి ఫోన్ చేసి చెబితేనే గడువు పెట్టి తెరిచేలా షెడ్యూల్ కట్టాను.

ఏప్రిల్ మూడో వారం: మార్పిడి రాత్రి

ఆసుపత్రికి ఖాళీ వేళ ఉండదు. శనివారం అర్ధరాత్రి దాటాక, ఆదివారం ఓపీ లేని సమయం చూసుకున్నాం. క్యాజువాలిటీ, ఐసీయూ, మందుల కౌంటరులో చేతిరాత రిజిస్టర్లు ముందే పెట్టించాం. నైట్ సూపర్‌వైజర్ సిస్టర్ ప్రతి వార్డుకూ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చారు.

కేబుళ్లు మార్చడం త్వరగానే అయింది. లీజ్‌డ్ లైన్ (ఆసుపత్రికి విడిగా తీసుకున్న ఇంటర్నెట్ లైన్) వైపు మాత్రం కాసేపు నిశ్శబ్దం. అవతలి రూటర్ పాత ఫైర్‌వాల్ మ్యాక్ చిరునామానే గుర్తు పెట్టుకుని ఉంది. లైన్ సంస్థ కంట్రోల్ రూముకు ఫోన్ చేసి ఏఆర్‌పీ పట్టికలోని ఆ పాత చిరునామాను చెరిపించాక వెంటనే పలికింది. ఆ ఫోన్ నంబరు, సర్క్యూట్ ఐడీ ముందే రాక్ తలుపు మీద అతికించి ఉంచడం మంచిదైంది.

ఆ రాత్రి వీలాన్ల మధ్య ఏదీ మూయలేదు. తెలిసిన ప్రయాణాలకు పైన పేరుతో రూల్స్, అన్నిటికంటే కింద "మిగతా అంతా అనుమతి, లాగ్ రాయి" అనే ఒక్క రూలు. ఆ కింది రూలులోకి ఏం పడుతుందో చూడటమే రాబోయే వారాల పని. మొదటి రోజే అంతా మూసి, ఫోన్లు మోగేకొద్దీ తెరుచుకుంటూ పోయే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆఫీసుల్లో ఏమో గాని, ఆసుపత్రిలో అలా చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ ఫోన్ మోగేది రక్తం రిపోర్టు కోసం.

ల్యాబ్ నుంచి ఫోన్

అయినా ఒకటి మోగింది. ల్యాబ్ ఇన్‌ఛార్జి పొద్దున్నే చేశారు. "సార్, రాత్రి రెండింటి శాంపిల్ రిజల్టు సిస్టమ్‌లోకి వెళ్లింది. ఆరింటికి పెట్టినవి ఒక్కటీ వెళ్లలేదు. ప్రోగ్రామ్ మూసి తెరిస్తే వెళ్తున్నాయి."

అన్నీ అనుమతించి ఉన్నాయి, మరి ఏం ఆపుతోంది? వెళ్లేసరికి ఆమె రిజిస్టర్‌లో రెండు రాత్రుల సమయాలు రాసి పెట్టారు. ఏ శాంపిల్ ఎప్పుడు యంత్రంలో పెట్టారు, రిజల్టు ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు ఆగింది. వరుసగా చదివితే విషయం బయటపడింది. రెండు శాంపిళ్ల మధ్య గంటలోపు ఎడం ఉంటే ఏ ఇబ్బందీ లేదు. గంట దాటితే తర్వాతిది ఆగిపోతోంది.

గంట అంటే 3600 సెకన్లు. ఫైర్‌వాల్‌లో మాటలు లేని టీసీపీ సెషన్‌కు డిఫాల్టు ఆయుష్షు అదే. ల్యాబ్ యంత్రాల రిజల్ట్‌లు సేకరించే కంప్యూటరు పొద్దున ఒక్కసారి సర్వర్‌తో కనెక్షన్ తెరిచి రోజంతా దాన్నే వాడుతుంది. ఇదివరకు రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండేవి, మధ్యలో గడియారం చూసేవారెవరూ లేరు. ఇప్పుడు గంట మౌనం తర్వాత ఫైర్‌వాల్ ఆ సెషన్‌ను తన పట్టికలోంచి తీసేస్తుంది. రెండు కొసలకూ ఆ సంగతి తెలియదు. కంప్యూటరు పాత కనెక్షన్ మీదే రిజల్టు పంపుతుంది, ఫైర్‌వాల్ గుర్తుపట్టక పడేస్తుంది. డీబగ్ ఫ్లో (ప్రతి ప్యాకెట్టుకూ ఏమైందో చూపే ఆదేశం) పెట్టి ఆమెను ఒక శాంపిల్ రిజల్టు మళ్లీ పంపమన్నాను. తెర మీద "నో సెషన్ మ్యాచ్డ్" (సరిపోయే సెషన్ లేదు) అన్న వరుస కనిపించింది.

మూడు మార్పులు చేశాం. ఆ పోర్టుకు విడి సర్వీసు రాసి ఆయుష్షు 43200 సెకన్లకు, అంటే 12 గంటలకు పెంచాను. గడువు తీరి సెషన్ తీసేసేటప్పుడు కనెక్షన్ ముగిసిందని రెండు కొసలకూ రీసెట్ పంపే అమరికను ఆ పాలసీ (రూలు) మీద ఆన్ చేశాను. సాఫ్ట్‌వేర్ వారితో మాట్లాడి, ప్రతి పది నిమిషాలకూ కీప్‌అలైవ్ (బతికే ఉన్నానని చెప్పే చిన్న సందేశం) పంపేలా చేయించాను. అసలు మందు మూడోదే. మొదటి రెండూ దానికి తోడు. మొత్తం నెట్‌వర్క్‌కు ఆయుష్షు పెంచేస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. అది వద్దు. చచ్చిన సెషన్లు పట్టికలో పేరుకుపోతాయి, రేపు వెతికేవారికి ఏది బతికి ఉందో తెలియదు.

ఆమె రిజిస్టరు లేకపోతే నేను వెతుక్కుంటూ ఎంతసేపు తిరిగేవాడినో. ఆ పేజీ ఫొటో తీసుకుని పని ఫైల్లో చేర్చాను.

ఆరోగ్యశ్రీ కౌంటరు

పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, ఆసుపత్రిలో అందరూ ఆరోగ్యశ్రీ కౌంటరనే అంటారు. పోర్టల్ తెరుచుకుంటోంది, లాగిన్ అవుతోంది, రోగి వివరాలు వస్తున్నాయి. స్కాన్ చేసిన కాగితాలు అప్‌లోడ్ చేస్తే మాత్రం చక్రం తిరుగుతూ ఉండిపోతోంది. ముందస్తు అనుమతి రాకపోతే ఆపరేషన్ తేదీ జరుగుతుంది. ఇదీ వెంటనే చూడాల్సిందే.

చిన్నవి వెళ్లి పెద్దవి ఆగితే ప్యాకెట్ పరిమాణం మీద అనుమానం రావాలి. మేము పెట్టిన ఎస్‌డీ-వాన్ రూలు (ఏది ఏ ఇంటర్నెట్ లైన్ మీద పోవాలో చెప్పేది) ఈ ట్రాఫిక్‌ను రెండో బ్రాడ్‌బ్యాండ్ లైన్ మీదికి పంపుతోంది. పాత పెట్టెలో అది లీజ్‌డ్ లైన్ మీద వెళ్లేది. ముక్కలు చేయవద్దన్న గుర్తు పెట్టి పింగ్ చేస్తే 1464 బైట్లు వెళ్లాయి, 1472 వెళ్లలేదు. హెడర్ల 28 బైట్లు కలిపితే ఆ లైను హద్దు 1492. లైను అవతల పీపీపీఓఈ (ప్యాకెట్టులో కొంత చోటు తినే బ్రాడ్‌బ్యాండ్ లాగిన్ పద్ధతి) ఉందన్న మాట. ప్యాకెట్ పెద్దదైంది, తగ్గించు అని చెప్పే ఐసీఎంపీ సందేశం మా దాకా రావడం లేదు.

స్నిఫర్ (ప్యాకెట్లను పట్టి చూపే సాధనం) మొదట పెద్దగా ఏమీ చూపలేదు. మొదటి పలకరింపులు కనిపించి, ఆ తర్వాత ఖాళీ. సెషన్ చిప్ మీదికి వెళ్లిపోయాక ప్రధాన ప్రాసెసర్ దాన్ని చూడదు, స్నిఫర్‌కూ కనబడదు. ఈ సంగతి తెలియనివారు ట్రాఫిక్ ఆగిపోయిందని అనుకుంటారు. ఆ ఒక్క పాలసీ మీద ఆఫ్‌లోడ్ (చిప్ మీదికి పంపడం) తాత్కాలికంగా ఆపాక అదే పెద్ద ప్యాకెట్టు మళ్లీ మళ్లీ బయటికి వెళ్లడం, జవాబు రాకపోవడం వరుసగా కనిపించింది. పాలసీలో టీసీపీ ఎంఎస్‌ఎస్ (ఒక ప్యాకెట్టులో మోసే డేటా హద్దు) 1452 పెట్టాను, ఆఫ్‌లోడ్ మళ్లీ ఆన్ చేశాను. కౌంటరులో అమ్మాయి ఆగి ఉన్న ఫైళ్లన్నీ వరుసగా పంపి, "వెళ్లిపోయాయండీ" అని చెప్పింది.

మే: కింది రూలును మూయడం

కింది రూలులోకి పడేవి రోజురోజుకూ తగ్గాయి. ప్రతి ఉదయం సిస్‌లాగ్‌లోంచి ఆ రూలు నంబరుతో వచ్చినవి తీసి, చిరునామాలు, పోర్టుల వారీగా కూడి చూశాను. కొన్నింటికి పైన పేరుతో రూలు రాశాను. కొన్నింటిని అడిగితే ఎవరికీ అక్కర్లేదు. కెమెరాల రికార్డరు ఒకటి తెలియని విదేశీ చిరునామాకు రోజంతా పలకరింపులు పంపుతోంది. దాన్ని అప్పుడే మూసేశాం, ఎవరికీ ఏ లోటూ రాలేదు.

ఏప్రిల్ చివరికే మూసేద్దామని ఆసుపత్రి ఐటీ వారు తొందరపడ్డారు. నెల తిరిగేదాకా ఆగుదామన్నాను. నెలాఖరున జీతాల సాఫ్ట్‌వేర్ బయోమెట్రిక్ యంత్రాల నుంచి హాజరు లాగింది. మొదటి వారంలో బీమా కంపెనీల క్లెయిములు చేసే కంప్యూటరు పాత ఫైల్ సర్వర్‌ను వెతికింది. తర్వాత జీఎస్టీ లెక్కల కోసం అకౌంట్స్ వారు ఫార్మసీ డేటాబేసుకు నేరుగా వెళ్లారు. ఈ మూడూ అంతకుముందు లాగ్‌లో ఒక్కసారి కూడా కనిపించలేదు. జీతాలు వేసే రోజున హాజరు రాకపోతే నర్సులకు ఏమని చెప్పాలి?

మే మూడో వారంలో ఆ రూలును నిరాకరణగా మార్చాను. లాగ్ రాయడం మాత్రం ఆపలేదు. అదే వారం ఫెయిలోవర్ (ఒక పెట్టె ఆగితే రెండోది అందుకోవడం) పరీక్ష కూడా పెట్టాం. రేడియోగ్రాఫర్ వెయ్యి స్లైసుల పాత పరీక్షను సర్వర్‌కు మళ్లీ పంపడం మొదలుపెట్టాక మొదటి పెట్టె పవర్ కేబుళ్లు రెండూ లాగేశాను. పింగ్ ఒకటి రెండు తప్పిపోయాయి. చిత్రాల లెక్క కాసేపు నిలిచి మళ్లీ నడిచింది, చివరి స్లైసు దాకా వెళ్లింది, ఆయన చూపించిన గుర్తు కూడా పడింది. తర్వాత పవర్ ఇచ్చి, ఈసారి లీజ్‌డ్ లైన్ కేబుల్ ఒక్కటే తీసి చూశాం. అదీ అలాగే మారింది.

ప్రతి రూలుకూ ఇప్పుడు పేరు, అడిగిన విభాగం, తేదీ ఉన్నాయి. కాన్ఫిగరేషన్ నకలు ప్రతి రాత్రీ సిస్‌లాగ్ సర్వర్‌కు, వారానికోసారి నెట్‌వర్క్‌కు తగలని డిస్కుకు వెళ్తోంది.

మిగిలినవి రెండు. ల్యాబ్‌లో ఒక పాత రక్త పరీక్ష యంత్రం ఇంకా 445 పోర్టు మీదే కంప్యూటరులోకి ఫైలు రాస్తోంది. దానికి ఒకే చిరునామా నుంచి ఒకే చిరునామాకు, ఐపీఎస్‌తో రూలు ఉంచాం. సెప్టెంబరులో సాఫ్ట్‌వేర్ మారితే తీసేయాలి. మమ్మోగ్రఫీ యంత్రం కొత్తది జూన్‌లో వస్తుంది. దాని ఐపీ చిరునామా, మాస్కు, గేట్‌వే, ఏఈ టైటిల్ (చిత్రాలు పంపేటప్పుడు యంత్రం చెప్పుకునే పేరు) రాసి, అమరిక మార్చే పాస్‌వర్డ్ ఆసుపత్రికి ఇవ్వాలన్న షరతుతో కలిపి కొనుగోలు విభాగానికి ఈరోజే పంపాను.